తిరుపతిలో రెండు ఏసీలు, రెండు గీజర్లు: సోలార్ 3 కిలోవాట్లా, 5 కిలోవాట్లా?

మీరు రాసిన వివరాలు ఇవీ. తిరుపతిలో పై అంతస్తు ఇల్లు, నలుగురు మనుషులు. 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీలు రెండు, 15 లీటర్ల గీజర్లు రెండు. కరెంటు వాడకం ఏడాదికి దగ్గర దగ్గర 4,000 యూనిట్లు, అందులో మే నెలది 520, డిసెంబరుది 180. సోలార్ అమ్మే ఆయన మిద్దె ఎక్కి చూసి "5 కిలోవాట్లు వేయించుకోండి సార్, రెండు ఏసీలూ ఫ్రీగా తిరుగుతాయి, కరెంటు పోయినా దిగుల్లేదు" అన్నాడు. అతని మాటల్లో ఎంత నిజముంది, గీజర్లు కూడా సోలార్ మీద పెట్టొచ్చా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు 3 కిలోవాట్లు చాలు. గీజర్లు నిక్షేపంగా పెట్టొచ్చు. కరెంటు పోతే మాత్రం, బ్యాటరీ లేని సోలార్ కింద ఏసీ కాదు కదా, జీరో బల్బు కూడా వెలగదు.

అమ్మేవాళ్ళు ఏసీ 1,500 వాట్లు లాగుతుంది, రెండు కలిపితే 3,000, దానికి గీజర్ 2,000 కలిపితే 5,000, కాబట్టి 5 కిలోవాట్లు అని లెక్క కడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మీ ఏసీలు తిరిగేది రాత్రి పదికి, ప్యానెల్ పనిచేసేది పగలు. రెంటికీ నేరుగా చుట్టరికమే లేదు. పగలు ప్యానెల్ ఇచ్చిన కరెంటులో ఇంటికి అవసరమైనంత ఇల్లు వాడుకుంటుంది, మిగిలింది వీధి కరెంటు లైనులోకి పోతుంది. రాత్రి ఏసీ తిరిగేది లైను కరెంటుతోనే. నెలాఖరున నెట్ మీటరు ఈ రెంటినీ తీసివేసి తేడాకు బిల్లు వేస్తుంది. కాబట్టి ఒకేసారి ఎన్ని వాట్లు లాగుతున్నారన్నది పక్కన పెట్టి, ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతున్నారో చూడాలి. పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోకుండా కిలోవాట్లు చెప్పే మనిషి ఊహ మీద చెబుతున్నట్టే.

550 వాట్ల ప్యానెళ్ళు ఆరు వేస్తే 3.3 కిలోవాట్లు. దానికి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) సరిపోతుంది. మన దగ్గర మార్చి నుంచి మే దాకా ఇది రోజుకు 13, 14 యూనిట్లు ఇస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టినప్పుడు 9, 10కి పడుతుంది. ముసురు పట్టిన రోజున 3 యూనిట్లే వచ్చినా కంగారు పడనక్కర్లేదు. ఏడాది మొత్తానికి రోజుకు సగటున 12 అని కాస్త బిగించి లెక్కేసినా 4,300 యూనిట్లు దాటుతుంది. మీ వాడకం 4,000.

ఇప్పుడు డబ్బు లెక్క. అసలు కిటుకు ఇక్కడుంది, అమ్మేవాళ్ళు దాదాపు ఎవరూ చెప్పనిది. మన ఇళ్ళ టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది: మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, ఆ పైన రూ. 9.75. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, డ్యూటీ వేరే. మే నెలలో మీ 520 యూనిట్లకు ఎనర్జీ చార్జీ ఒక్కటే ఇలా వస్తుంది: 57 + 135 + 225 + 600 + 1,531 + 1,170, అంటే సుమారు రూ. 3,718. అదే నెలలో 3 కిలోవాట్ల సోలార్ 400 యూనిట్లు ఇచ్చిందనుకోండి, మిగిలేది 120. దానికి చార్జీ రూ. 395. ఒక్క నెలలో రూ. 3,300 పైచిలుకు మిగిలింది. ఎందుకంటే సోలార్ పై మెట్టు నుంచి కోసుకుంటూ కిందికి వస్తుంది. తొమ్మిది రూపాయల యూనిట్లు ముందు పోతాయి, రెండు రూపాయల యూనిట్లు చివర మిగులుతాయి.

ఇప్పుడు ఆయన చెప్పినట్టు 5 కిలోవాట్లు వేశారనుకోండి. అదనపు 2 కిలోవాట్లు మే నెలలో కొట్టేసేది ఆ మిగిలిన 120 యూనిట్లనే. ఎంతో ఎండలు కాసే నెలలోనే దాని సంపాదన రూ. 395. డిసెంబరులో మీ వాడకం 180, 3 కిలోవాట్లే 300 దాకా ఇస్తుంది, ఇంక రెండు కిలోవాట్లు చేసే పని లేదు. మిగులు యూనిట్లకు కరెంటు కంపెనీ (డిస్కం) లెక్క కట్టే రేటు మీరు కొనే పై మెట్టు రేటుకు దరిదాపుల్లో ఉండదు. అగ్రిమెంటులో ఆ క్లాజు చదివి సంతకం పెట్టండి. పైగా ఇళ్ళ సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 30,000, మూడోదానికి రూ. 18,000, మొత్తం రూ. 78,000 దగ్గర ఆగిపోతుంది. నాలుగో కిలోవాటు, ఐదో కిలోవాటు పూర్తిగా మీ జేబులోంచే. మూడో ఏసీ కొనే ఆలోచన ఉన్నా, ఎలక్ట్రిక్ స్కూటర్‌నో కారునో ఇంట్లో చార్జింగ్ పెట్టబోతున్నా అప్పుడు లెక్క మారుతుంది. అలాంటి ఆలోచన ఉంటే ఇప్పుడే 5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టి ప్యానెళ్ళు ఆరే వేసి, తర్వాత కలపడం ఒక దారి. రెండేళ్ళ తర్వాత అదే సైజు ప్యానెల్ దొరకడం కష్టమనే సంగతి మాత్రం గుర్తుంచుకోండి. వేరే సైజువి వేరే స్ట్రింగుగా (ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ళ వరుసగా), ఇన్వర్టర్‌లో ప్యానెళ్ళు కలిపే రెండో ఇన్‌పుట్‌కు (ఎంపీపీటీ) కలపాలి.

ఇంకోటి. కింద అద్దెకిచ్చిన వాటాకు వేరే మీటరుంటే, మీ సోలార్ ఆ మీటరుకు పనికిరాదు. ఏ సర్వీసు నంబరు మీద పెడితే ఆ బిల్లే తగ్గుతుంది. ఒకే ఇంటికి రెండు సర్వీసులుండి ఏసీలు చెరొక దాని మీద ఉంటే, ముందు పెద్ద బిల్లు వచ్చేది ఏదో చూసుకోండి.

ఏసీ సంగతి. 5 స్టార్ 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ మే నెల రాత్రి మొదటి గంటలో 1.3 నుంచి 1.5 యూనిట్లు తింటుంది, తర్వాత గంటకు 0.5, 0.7 దగ్గర కుదురుకుంటుంది. ఎనిమిది గంటలకు ఐదున్నర, ఆరు యూనిట్లు. రెండిటికీ రాత్రికి 11, 12, నెలకు 350. మీ 520లో పెద్ద వాటా ఇదే.

ఆ మొదటి గంట ఎందుకంత ఖరీదు? పై అంతస్తు కాబట్టి. మధ్యాహ్నం మిద్దె మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం కదా, ఆ వేడి స్లాబ్‌లో నెమ్మదిగా దిగి సాయంత్రం ఆరు తర్వాత గదిలోకి వస్తుంది. రాత్రి తొమ్మిదికి ఫ్యాన్ వేస్తే వడగాలిలా కొట్టేది అందుకే. ఏసీ మొదటి గంటంతా చేసేది గాలిని చల్లబరచడం ఒక్కటే కాదు, స్లాబ్‌తో కుస్తీ కూడా. అందుకని ప్యానెళ్ళు ఎక్కడ పెడతారన్నది కరెంటుకు ఎంత ముఖ్యమో చల్లదనానికీ అంతే ముఖ్యం. 550 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. ఆరు కలిపితే దగ్గర దగ్గర 165 చదరపు అడుగులు. 12 బై 12 పడకగది 144. అంటే మీ ఆరు ప్యానెళ్ళూ సరిగ్గా ఒక పడకగదికి గొడుగు. నీడలు పడని చోటు ఏసీ ఉన్న గది పైనే దొరికితే ఇంక ఆలోచించకుండా అక్కడే వేయించండి. కింద గాలి ఆడేలా అడుగైనా ఎత్తుండాలి. కింద బట్టలు ఆరేసుకోవాలంటే ఏడడుగుల ఎత్తు స్ట్రక్చర్, దానికి ఇనుము ఖర్చు ఎక్కువ. మిగతా మిద్దెకు తెల్లటి కూల్‌రూఫ్ పెయింటో, అదీ వద్దనుకుంటే ఏటా ఫిబ్రవరిలో రెండు పూతల సున్నమో కొట్టించండి. ఒక కిలోవాట్ అదనంగా కొనే డబ్బులో చిన్న వంతుతో ఏసీ పని బాగా తేలికవుతుంది. నన్నడిగితే సోలార్ కన్నా ముందు చేయాల్సింది ఇదే.

సెట్టింగ్ 26లో పెట్టి ఫ్యాన్ రెండో నంబరులో తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించేది కూడా వాళ్ళ నిబంధన వల్లే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను ప్యానెళ్ళ నీడలో పెట్టడం మంచిదే, కానీ దాని వేడిగాలి ప్యానెళ్ళ కిందికి కొట్టకుండా బయటి వైపు తిరిగి ఉండాలి. తక్కువ ఎత్తు ప్యానెళ్ళ కింద ఇరికిస్తే వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది, ఏసీకీ ప్యానెల్‌కూ రెంటికీ నష్టం.

మార్కెట్లో "సోలార్ ఏసీ" అని ప్యానెళ్ళు నేరుగా కలిపేది అమ్ముతున్నారు. మీకు వద్దు. ఏసీ ఆపిన ఐదు నెలలు ఆ ప్యానెళ్ళు ఊరికే ఎండలో కూర్చుంటాయి. మామూలు ఏసీ, లైనుకు కలిపిన సోలార్ అయితే ఏ యూనిట్టూ వృథా పోదు.

ఎండ ఎంత కాస్తే అంత కరెంటు అనుకోవడం కూడా పొరపాటే. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి గిట్టదు. దాని మీద రాసే 550 వాట్లు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర కొలిచినవి. మన రోహిణి కార్తె మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు పోతుంది. 40 డిగ్రీలు ఎక్కువ. మోనో పెర్క్ రకానికి డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోతుంది, టాప్‌కాన్ రకానికి 0.30 చొప్పున 12 శాతం. అందుకే మే కన్నా మార్చిలోనే కొన్ని రోజులు ఎక్కువ యూనిట్లు కనబడతాయి. ఇన్వర్టర్ యాప్‌లో చూసి ప్యానెల్ పాడైందని ఫోన్ చేయకండి.

ప్యానెళ్ళ వాలు 10 నుంచి 15 డిగ్రీలు, దక్షిణం ముఖం. తిరుపతి అక్షాంశం పదమూడున్నర చిల్లర. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తి దాటి ఉత్తరం వైపే ఉంటాడు, కాబట్టి 25, 30 డిగ్రీలు ఎత్తి కడితే ఏసీ వాడే నెలల్లోనే నష్టపోతారు. 10 కన్నా తగ్గిస్తే వానకు దుమ్ము జారదు, కింది అంచున మట్టి గీత కడుతుంది. దక్షిణం కుదరకపోతే పడమర ముఖంగా పెట్టినా మన అక్షాంశంలో పెద్దగా పోయేదేమీ లేదు.

నీడ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మన ఇళ్ళలో వాస్తు ప్రకారం నీళ్ళ ట్యాంకు నైరుతిలో ఉంటుంది, మెట్లగది కూడా చాలా ఇళ్ళలో ఆ పక్కనే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం తర్వాత సూర్యుడు నైరుతిలోనే దిగుతాడు. అంటే ట్యాంకు నీడ సరిగ్గా మిద్దె మధ్యకు, ఈశాన్యం వైపు సాగుతుంది. వాస్తుకు బరువు అక్కడ బాగుందేమో గానీ ప్యానెల్‌కు అదే గండం. డిసెంబరు నెలాఖరులో ఉదయం తొమ్మిదికీ, సాయంత్రం మూడుకీ నీడ పొడవు వస్తువు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. 8 అడుగుల మెట్లగదికి 12 అడుగులకు పైనే నీడ. నడిమధ్యాహ్నం 6 అడుగులు. వేసవిలో కొలతలు తీసుకుని పోయే వాళ్ళకు ఇది కనబడదు, మీరే టేపు పట్టుకుని కొలవండి. ఒక స్ట్రింగులో ఒక్క ప్యానెల్ మీద సగం నీడ పడినా ఆ స్ట్రింగు మొత్తం దిగుబడి మీద దెబ్బ పడొచ్చు. కొండ మనకు ఉత్తరాన ఉంది కాబట్టి దాని నీడ బాధ లేదు. అలిపిరి వైపు కొండ అంచున ఉన్న ఇళ్ళకు మే, జూన్ సాయంత్రాలు సూర్యుడు కాస్త ముందే మరుగవుతాడు, అంతే.

ఇక గీజర్. మన ప్రాంతంలో వేడి చేసుకోవడమంటే నీళ్ళే, గది కాదు. పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు రాత్రులు చలి ఉంటుంది కాబట్టి అక్కడి వాళ్ళు హాట్ అండ్ కోల్డ్ ఏసీ తీసుకుంటే సరిపోతుంది, కాయిల్ రూమ్ హీటర్ కొనకండి. అది ఒక యూనిట్ తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది, ఏసీ అదే యూనిట్‌తో మూడు రెట్లు ఇస్తుంది.

నీళ్ళకు లెక్క తేలిక: లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు. స్నానానికి ఒకటిన్నర బకెట్, 30 లీటర్లు, 24 డిగ్రీల నుంచి 40కి: 30 × 16 ÷ 860, అంటే 0.56. నలుగురికి 2.2. గీజర్ ఒంటి వేడి బయటికి పోయేదీ, పైపుల్లో మిగిలేదీ కలిపి రోజుకు 3 యూనిట్లు, నెలకు 90. మీ డిసెంబరు 180లో సగం ఇదే. వేసవిలో ట్యాంకులో నీళ్ళే కాగి వస్తాయి కాబట్టి ఆ ఖర్చుండదు. ఏసీ ఉన్నప్పుడు గీజర్ లేదు, గీజర్ ఉన్నప్పుడు ఏసీ లేదు, అందుకే ఒకే 3 కిలోవాట్లు రెండిటికీ సరిపోతోంది.

నెట్ మీటరున్నప్పుడు గీజర్ పొద్దున ఐదుకు వేసినా పదకొండుకు వేసినా బిల్లులో తేడా లేదు. స్నానాల వేళ మార్చుకోనక్కర్లేదు. స్విచ్ మాత్రం రోజంతా వేసి ఉంచకండి. థర్మోస్టాట్ 50, 55లో పెట్టండి, 70లో పెట్టి చన్నీళ్ళు కలుపుకోవడం వల్ల కరెంటూ దండగ, ఉప్పు కూడా తొందరగా పడుతుంది.

మిద్దె మీద ఇప్పటికే గొట్టాల సోలార్ వాటర్ హీటర్ ఉంటే తీసేయకండి, అది పనిచేసినన్నాళ్ళూ మీ ప్యానెల్ యూనిట్లు ఏసీకి మిగులుతాయి. కొత్తగా కొనేటట్టయితే నీళ్ళు చూసి కొనండి. మున్సిపల్ కుళాయి నీళ్ళకు పరవాలేదు. బోరు నీళ్ళయితే గాజు గొట్టాల అడుగున సున్నంలా పేరుకుని, రెండు మూడేళ్ళకు గొట్టం తీస్తే పిడికెడు తెల్ల పొడి రాలుతుంది. రబ్బరు రింగుల దగ్గర కారడం అక్కడి నుంచే మొదలు. అలాంటి చోట ప్యానెల్ కరెంటుతో మామూలు గీజర్ వాడటమే నాకు సుఖంగా కనిపిస్తుంది. హీట్ పంప్ గీజర్ (గాలిలోని వేడిని నీళ్ళకు ఎక్కించేది) మూడో వంతు కరెంటుతో పని చేస్తుంది, మన చలికి దానికి ఇబ్బందే లేదు. కానీ నలుగురి ఇంట్లో రోజుకు మిగిలేది 2 యూనిట్లు, అదీ చలికాలం నెలల్లోనే, అప్పుడు మీ దగ్గర మిగులు యూనిట్లే ఉంటాయి. హాస్టళ్ళకు, లాడ్జీలకు అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

కరెంటు కోత. లైనులో కరెంటు పోగానే ఆన్‌గ్రిడ్ (లైనుకు కలిపిన, బ్యాటరీ లేని) ఇన్వర్టర్ క్షణాల్లో ఆగిపోతుంది. అది లోపం కాదు, అలా ఆగకపోతే మీ ఇంటి కరెంటు లైనులోకి వెళ్ళి స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం మీదికి వస్తుంది. కోతల్లో కూడా ఏసీ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైనుకూ బ్యాటరీకీ రెంటికీ కలిసేది), బ్యాటరీ ఉండాలి. ఇక్కడ ఆశలు కాస్త తగ్గించుకోవాలి. మామూలు 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు కలిపితే కాగితం మీద 7.2 యూనిట్లు. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది, అంటే 3.6. పైగా ఆ సామర్థ్యం పది గంటల్లో నెమ్మదిగా, 15 ఆంపియర్ల చొప్పున తీసినప్పటి లెక్క. ఏసీ మొదటి గంటలో 30 ఆంపియర్లకు పైగా లాగుతుంది, కాబట్టి అదీ రాదు. రెండున్నర, మూడు గంటలు ఏసీ, అంతే. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటుంటే 5.1 యూనిట్లలో నాలుగున్నర పైచిలుకు వాడుకోవచ్చు, ఒక ఏసీ ఆరు గంటలు లాగుతుంది. గంటా రెండు గంటల కోతకు అంత డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌కు మీ పాత బ్యాటరీ ఇన్వర్టరే ఉంచుకోండి. హైబ్రిడ్ పెట్టినా బ్యాకప్ లైనులో గీజరూ, బోరు మోటారూ కలపనివ్వకండి. పాత ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీ అసలు కలపకూడదు, అది మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు లాగి ఇన్వర్టర్‌ను పడేస్తుంది. లైనుకు కలవని పూర్తి ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్‌కు సూర్యఘర్ సబ్సిడీ రాదు.

బిగించేటప్పుడు జరిగే తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది వైరు దగ్గర. మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య ఇన్వర్టర్ ఆగి ఆగి పనిచేస్తోందనీ, యాప్‌లో ఓవర్ వోల్టేజ్ అని వస్తోందనీ చాలామంది అంటుంటారు. జరిగేది ఇదీ: ఇన్వర్టర్ కరెంటును బయటికి తోయాలంటే తన దగ్గర వోల్టేజిని లైను కన్నా కాస్త పెంచాలి. 230కి పది శాతం పైన, 253 దాటితే అది ఆగిపోవాలని నిబంధన. మధ్యాహ్నం వీధిలో లోడు తక్కువ, లైను వోల్టేజి ఒక్కోసారి 245 దాకా ఉంటుంది. ఇన్వర్టర్ నుంచి మీటరుకు 30 మీటర్ల దూరం 2.5 చదరపు మి.మీ. వైరు లాగితే, 13 ఆంపియర్ల దగ్గర అందులోనే ఆరు వోల్టులు పెరుగుతుంది. 5 కిలోవాట్లయితే పది వోల్టులు. 245కి పది కలిపితే 255, ఆగింది. అదే 6 చదరపు మి.మీ. రాగి వైరయితే మీ 3 కిలోవాట్లకు మూడు వోల్టుల లోపే. కొటేషన్‌లో "ఏసీ కేబుల్" అని (ఇన్వర్టర్ నుంచి మీటరుకు పోయే వైరు, చల్లబరిచే ఏసీది కాదు) ఊరికే రాస్తారు. సైజు రాయించండి. వైరు లావుగా ఉన్నా ఆగుతుంటే ఉదయం ఏడుకీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మీటరు దగ్గర వోల్టేజి ఫోటోలు తీసి డిస్కం సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి తగ్గించే ట్యాప్ మార్చాల్సింది వాళ్ళు.

ప్యానెళ్ళ నుంచి ఇన్వర్టర్ దాకా, అంటే డీసీ వైపు, 4 చదరపు మి.మీ. టిన్ పూత రాగి సోలార్ కేబులే వాడాలి, ఇంటి వైరింగ్ వైరు ఎండకు రెండేళ్ళలో పగులుతుంది. ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. ఒకదానిలో ఒకటి దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, లోపల పట్టు వదులై వేడెక్కి కరిగేది ఇవే. ఎర్తులు మూడు: ప్యానెల్ ఫ్రేములకు ఒకటి, ఇన్వర్టర్‌కు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. మూడూ ఒకే గుంతలో దింపితే ఒప్పుకోవద్దు. ఇన్వర్టర్‌ను పడమటి గోడకు ఎండలో తగిలిస్తే వేడికి తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. మెట్లగది లోపల, చుట్టూ అడుగు ఖాళీతో బిగించాలి.

స్ట్రక్చర్ హాట్ డిప్ గాల్వనైజ్ (కరిగిన జింకులో ముంచి పూత) చేసినదై ఉండాలి. ఇనుప చానెల్‌కు వెండి రంగు పెయింట్ కొట్టి చూపిస్తే గోరుతో గీకండి, ఊడొస్తుంది. కాళ్ళ కోసం స్లాబ్‌కు రంధ్రాలు పెడితే కెమికల్ యాంకర్ వేసి, పైన కాంక్రీటు దిమ్మె కట్టించాలి. లేకపోతే ఈ నవంబరు వానకు కాకపోయినా వచ్చే నవంబరుకు పడకగదిలో తేమ మరక కనబడుతుంది. తుపాను గాలి ప్యానెల్‌ను కిందికి నొక్కదు, రేకులా పైకి లేపుతుంది. బరువుంది కదా అని బోల్టులు తగ్గించకూడదు.

కొండ పక్క వీధుల వాళ్ళకు కోతుల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్యానెల్ గాజును అవి ఏమీ చేయలేవు, కింద వేలాడే వైర్లు పట్టుకుని ఊగుతాయి. ఒక్క వైరు కూడా వేలాడకుండా చానెల్‌కు స్టీల్ టైలతో కట్టించి, కిందికి దిగేదంతా గట్టి పైపులో వేయించండి. ప్లాస్టిక్ టైలు ఎండకు ఏడాదిలో పెళుసెక్కి తెగిపోతాయి.

కడగడం పదిహేను రోజులకోసారి, సూర్యుడు పైకి రాకముందు. కాలిన గాజు మీద చన్నీళ్ళు పోయకూడదు. బోరు నీళ్ళతో కడిగి అలా వదిలేస్తే ఆరిన చోటల్లా తెల్ల మచ్చలు పడి గాజుకు పట్టుకుపోతాయి, తర్వాత రుద్దినా రావు. కుళాయి నీళ్ళు వాడి, రబ్బరు వైపర్‌తో లాగేయండి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు అసలు వద్దు, వాటిలో ఉప్పు బోరు నీళ్ళ కన్నా ఎక్కువ.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో పెట్టాలి. సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్ళే ఉండాలి. తక్కువ ధర కొటేషన్ వస్తే ముందు అనుమానించాల్సింది అక్కడే. ప్యానెళ్ళు దిగిన రోజే ప్రతిదాని వెనక సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. సర్వీసు ఇంకా నాన్నగారి పేరు మీదో తాతగారి పేరు మీదో ఉంటే ముందు పేరు మార్పించండి. మీటరు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉండి సబ్సిడీ ఆగిపోయినవి కొల్లలు.

నెట్ మీటరు పెట్టాక మొదటి బిల్లు చూసి చాలామంది "400 యూనిట్లు వస్తాయన్నారు, మీటరులో 230యే ఉంది" అని గొడవ పడతారు. మీటరు చూపే ఎక్స్‌పోర్ట్ అంటే ఇల్లు వాడుకోగా బయటికి పోయింది మాత్రమే. ఇన్వర్టర్ యాప్‌లో 400, మీటరు ఎక్స్‌పోర్ట్ 230 అంటే పగలు ఇంట్లో 170 వాడుకున్నారు. ఇంపోర్ట్, అంటే లైను నుంచి తీసుకున్నది, 350 ఉంటే బిల్లు పడేది 350 లోంచి 230 తీసేసిన 120కి. మీ అసలు వాడకం 350కి ఆ 170 కలిపి 520. యాప్‌లో వచ్చింది, ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్, అసలు వాడకం, ఈ నాలుగు అంకెలూ ప్రతి నెలా ఒకటో తారీఖున క్యాలెండర్ వెనక రాసి పెట్టుకోండి. ఏదైనా ప్యానెల్ మూలపడినా, కనెక్టర్ కాలినా, నాలుగో నెలకల్లా ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది.